నా దస్తూరిలో నాలుగో షరతు

మా వకీలుకు తీర్పు పైన అచ్చువేసే నాలుగు లైన్ల సారాంశమంటే ఎంత ఇష్టమో, దాని కింద ఉండే అసలు తీర్పంటే అంత భయం. ఈ సంగతి నాకు మూడో వాయిదాకు గానీ తెలియలేదు. అప్పటిదాకా సిరిసిల్లలో ఆయన ఆఫీసు గోడనిండా ఉన్న లావుపాటి పుస్తకాలను చూసి అందరిలాగే నేనూ మోసపోయాను. ఆరోజు ఆయన కోర్టు హాల్లోకి పోతే, ఊరికే కూర్చోలేక ఒక పుస్తకం బయటికి లాగాను. పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. కొన్ననాటి నుంచి దాన్ని విప్పిన మొదటి మనిషిని నేనే.

కేసు మా చెల్లెలిది. కోరుట్లలో ప్లైవుడ్ దుకాణం నడిపే ఆమె భర్త, పదేళ్ల కూతుర్ని తనకు అప్పగించాలని సిరిసిల్ల కోర్టులో దావా వేశాడు. చెల్లెలు సిరిసిల్లలో బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది. ఆరేళ్లుగా వాళ్లు విడిగా ఉంటున్నారు, పిల్లను ఆమె ఒక్కతే పెంచుతోంది. ఆ ఆరేళ్లలో తండ్రి పిల్లను చూడ్డానికి వచ్చింది రెండుసార్లు. రెండోసారి గడప కూడా ఎక్కలేదు. బండి మీద కూర్చునే "ఏ క్లాసు?" అని అడిగాడట. "నాలుగు" అంది పిల్ల. "ఇంకొక్క ఏడాది" అని కిక్కు కొట్టి వెళ్లిపోయాడు. పాలసీ ఎప్పుడు చేతికొస్తుందో కనుక్కుపోవడానికి వచ్చినట్టు.

ఆ ఏడాది లెక్క ఎక్కడిదో చెప్పాలి. చెబితే నాకే సిగ్గు. అయినా చెబుతాను.

ఆరేళ్ల కింద కోరుట్లలో మా కులసంఘం భవనంలో పంచాయితీ జరిగింది. మొగుడూ పెళ్లాం విడిపోవడానికి. అక్కడి పద్ధతి ఏమిటంటే, ఎవరి బతుకు గురించి మాట్లాడుతున్నారో ఆ ఆడమనిషి తప్ప ఊళ్లో మగవాళ్లందరూ మాట్లాడతారు. ఆమె ఆడవాళ్లతో లోపలి గదిలో కూర్చోవాలి. సంతకం వేళకు పిలుస్తారు. నన్ను మాత్రం బయట మగవాళ్ల వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఎందుకంటే నేను జగిత్యాలలో డిగ్రీ కాలేజీలో పౌరశాస్త్రం చెబుతాను. వాళ్లకు కాగితం రాసే మనిషి కావాలి.

"బిడ్డా, నువ్వు ఎమ్మే సదివినవ్, నీ అక్షరాలు ముత్యాలోలె ఉంటయ్. నువ్వే రాయి" అన్నాడు పెద్దమనిషి.

ఆ ఒక్క మాటకు నేను పొంగిపోయాను. అన్ని పంచెల మధ్య ఒకే ఒక్క చీర, దానికో కుర్చీ. ఆ కుర్చీకి నేను చెల్లించిన ధర ఏమిటో తర్వాత తెలిసింది.

వాళ్లు చెబుతున్నారు, నేను రాస్తున్నాను. వాళ్లు గంపగుత్తగా చెప్పిందాన్ని నేనే షరతులుగా విడగొట్టి అంకెలు వేశాను. పిల్ల విషయం వచ్చేసరికి పెద్దమనిషి బీడీ ఆర్పి ఒక ఉపమానం చెప్పాడు.

"గీ ముచ్చటకు గింత లొల్లి ఎందుకురా? బర్రెదూడను పాలుకిచ్చినట్టే. ఎదిగేదాక ఒకల దొడ్లె, ఎదిగినంక ఇంకొకల దొడ్లె. ఐదో తరగతి దాక తల్లికాడ, ఆనంక తండ్రికాడ. ఏమంటరు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే నాలుగో షరతు రాశాను. ఆయన చెప్పింది అంతే, "తండ్రికాడికి పంపాలె" అని. ఆ మాట కాగితం మీద బోసిగా కనిపించింది నాకు. "తండ్రికి ఎట్టి అభ్యంతరము లేకుండా అప్పగించవలెను" అని రాశాను. "ఎట్టి అభ్యంతరము లేకుండా" అన్నది ఎవరూ చెప్పలేదు. నా సొంతం. రాసి, చదివి, బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

చెల్లెల్ని పిలిచారు. చంకలో నాలుగేళ్ల పిల్ల నిద్రపోతోంది. "ఎక్కడ పెట్టాలె అక్కా?" అంది. "నాకెరుక, ఇక్కడ సంతకం పెట్టు" అని చోటు చూపించాను. చదవనైనా చదవకుండా సంతకం చేసింది.

ఆ కాగితమే ఇప్పుడు కోర్టులో ఉంది.

మూడో వాయిదానాడు మా వకీలు కోర్టు హాల్లోంచి వచ్చి, మన జవాబు సిద్ధమైందని, ఎదురుగా ఉన్న టైపింగ్ సెంటర్‌లో కొట్టిస్తున్నానని చెప్పాడు. అందులో ఏం రాశారని అడిగాను.

"అవన్ని మీకెందుకు మేడం. తెల్ల కాయితం మీద బలవంతంగ సంతకం తీస్కున్నరని రాసినం. గంతే. ఇంక వాళ్లు కొట్టుకోవాలె."

నేను రోడ్డు దాటి టైపింగ్ సెంటర్‌కు పోయాను. అక్కడ కూర్చునే పెద్దాయనను అందరూ భాయ్ అంటారు. ముప్పై ఏళ్లుగా ఆ కోర్టు ముందు టైపు మిషను, తర్వాత కంప్యూటరు ఆయన చేతుల్లోనే అరిగాయి. నల్లకోటు వేసుకోలేదన్న మాటే గానీ, ఆ కోర్టులో రాతకోతలన్నీ ఆయనవే. ఆయన తెర నా వైపు తిప్పాడు.

"చూడుండ్రి మేడం. గిది తెల్ల కాయితం పేరా. నా దగ్గర తయారుగ ఉంటది. పేరు మార్చుడు, ఊరు మార్చుడు, వేసుడు."

"అందరికీ ఇదేనా భాయ్?"

"అందరికి గాదు. అవతలి పార్టీకి రాజీఖుషీ పేరా ఉన్నది. ఇష్టపూర్తిగ సంతకం చేసిన్రు అని. రెండు పక్కపక్కకే ఉంటయ్. దోస్తులు."

నాకు నవ్వు రాలేదు. పేరా చదివాను. మా చెల్లెలి పేరు ఉండాల్సిన చోట, ఒక వరసలో, ఇంకెవరో ఆమె పేరు అలాగే మిగిలిపోయింది. భాయ్ నాలుక కరుచుకుని సరిచేశాడు. తర్వాత అవతలివాళ్లు దాఖలు చేసిన కాగితం జిరాక్సును పక్కన పెట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, నన్ను అదోలా చూశాడు.

"మేడం, ఒక్క మాట. తెల్ల కాయితం మీద సంతకం తీస్కుంటే, రాత తర్వాత వాళ్లు రాసుకోవాలె గదా? గీడ కింద దస్తూరి అని ఎవలో రాసిన్రు. గిది మీ పేరే గాదా?"

కాగితం రాసిన మనిషి చివర 'దస్తూరి' అని తన పేరు రాయడం పద్ధతి. నేను పద్ధతి ప్రకారమే రాశాను. పెద్ద అక్షరాలతో. పేరు పక్కన ఎం.ఏ. అని కూడా.

మూడు వాయిదాలు గడువు అడిగిన మా వకీలు ఆ కాగితాన్ని చివరిదాకా చదవలేదు. టైపు కొట్టే మనిషి చదివాడు.

నేను వెనక్కి పోయి మా వకీలు ముందు ఆ జిరాక్సు పెట్టాను. ఆయన చూశాడు. దగ్గాడు. మళ్లీ చూశాడు.

"అయితే ఏమాయె? మీరు సాక్షికి రాకుండ్రి. మీరు లేకుంటే దస్తూరి ఎవలిదో ఎవలికి తెలుస్తది?"

"సార్, నేను జగిత్యాలల ఉంట, చంద్రమండలంల కాదు. వాళ్లు పిలుస్తరు. నా కాలేజీ రిజిస్టరు తెప్పిచ్చి పక్కపక్కన పెడితే సాలు."

"పెట్టనియ్యుండ్రి. అప్పుడు చూద్దాం."

"అప్పుడు చూసేది మీరు కాదు, జడ్జి. తల్లి అబద్ధమాడిందని చూస్తరు. పిల్లను ఎవలికిస్తరు అప్పుడు?"

"మేడం, మీరేమన్న లా చదివిన్రా?"

"లేదు సార్. కాయితం చదివిన."

ఆయన ముఖం చిట్లించి ఒక జాబితా నా ముందుకు తోశాడు. మన తరఫున పదకొండు తీర్పులు పెడుతున్నామని, సుప్రీంకోర్టువి, హైకోర్టువి ఉన్నాయని, నాకు బుగులు అక్కర్లేదని అన్నాడు. ఆ జాబితా తీసుకుని జగిత్యాల బస్సెక్కాను.

కాలేజీలో పరీక్షల సెలవులు నడుస్తున్నాయి. పదకొండు తీర్పులనూ ఒక్కొక్కటీ వెతికి, దింపి, ప్రింటు తీయించి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. మూడో తీర్పులో పిల్లను తండ్రికి ఇచ్చారు. ఆరోదాంట్లో తల్లి గెలిచింది గానీ, ఆ పిల్లకు రెండేళ్లు, పాలు తాగే వయసు. తొమ్మిదోది పిల్లల కేసే కాదు, ఇంటి కిరాయి కేసు. దానికీ మాకూ ఉన్న సంబంధం ఏమిటంటే దాంట్లో కూడా ఒకాయన, ఒకామె ఉన్నారు. ఇంకెవరి జాబితాలోంచో నంబరు ఎక్కించి ఉంటారు. నా దగ్గరికి ఇంటర్ రెండుసార్లు రాసి వచ్చిన పిల్లలు కూడా ఇంతకంటే శుభ్రంగా కాపీ కొడతారు.

ఆ తీర్పుల్లో వెనకటి తీర్పుల ప్రస్తావనలు ఉంటాయి. వాటిని పట్టుకుని ఇంకా వెనక్కి పోయాను. అక్కడ దొరికింది మాకు కావలసింది. తల్లిదండ్రులు పిల్ల గురించి ఏం రాసుకున్నా, అది పిల్లను కట్టిపడేయదు. కోర్టు చూడాల్సింది పిల్ల మేలు. కాగితం అబద్ధమని నిరూపించాల్సిన పనే లేదు. కాగితం నిజమే అని ఒప్పుకుని, అయినా అది చెల్లదని అడగొచ్చు. అంత చిన్న విషయానికి తెల్ల కాయితం కథ దేనికి?

ఒప్పుకోవాలంటే మాత్రం ఒప్పుకునే మనిషి కావాలి. ఆ మనిషిని నేనే.

ఆదివారం సిరిసిల్ల పోయాను. పిల్ల వాకిట్లో పక్కింటి పిల్లలతో ఆడుతోంది. చెల్లెలు టిఫిన్‌కు పిండి కలుపుతోంది. నేను తీర్పుల కట్ట విప్పి, సంగతంతా చెప్పాను. ఆమె చేయి ఆపకుండానే విన్నది.

"అక్కా, నువ్వే రాసినవని చెప్తే పిల్ల పోతదా?"

"చెప్పకపోతేనే పోతది."

"వకీలు సారు చెప్పొద్దన్నడు గదా."

"వకీలు సారుకు చదువు రాదు."

"నీకొచ్చు" అంది. అంతే అంది. పిండి చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "ఆనాడు గిట్లనే అన్నవ్, నాకెరుక అని. సంతకం పెట్టు అన్నవ్, పెట్టిన. ఇయ్యాల నిజం చెప్త అంటున్నవ్. నిజమే చెప్తవో, ఇంక నీదేమన్న కలుపుతవో నాకేం తెలుసు?"

నేను వాదనలో ఓడిపోయే మనిషిని కాదు. కాలేజీలో ప్రిన్సిపాల్ నా గదికి రావాలంటే ముందు కబురు పంపుతాడు. ఆమె ముందు మాత్రం తీర్పుల కట్టను తిరిగి కట్టేశాను. ఆమెను చిన్నప్పటి నుంచి మొద్దు అనుకున్నాను. పది తప్పింది, నేను చెప్పిన సంబంధం కాదని తనకు నచ్చినవాణ్ని చేసుకుంది, విడిపోయి వచ్చింది. అలాంటి మనిషిని అడిగేదేముంది, నేను రాస్తే సరిపోతుంది అనుకునే ఆ షరతు రాశాను. ఆ పెద్దమనిషి ఆమెను బర్రె అనుకుంటే, నేను మాత్రం ఏమనుకున్నాను?

"నువ్వు వద్దంటే చెప్ప" అన్నాను చివరికి.

ఆమె వాకిట్లో పిల్ల వైపు చూసింది. "చెప్పు" అంది. "పాడుగాను, అబద్ధం మాత్రం ఎన్నిసార్లు గుర్తువెట్టుకుంట నేను? పిల్లను అడిగితే నిజమే చెప్తది. ఇద్దరం రెండు తీర్ల చెప్తే ఎట్ల?"

నేను పదకొండు తీర్పులు చదివి పట్టుకున్న సంగతిని ఆమె పిండి చేతులు కడుక్కున్నంత సేపట్లో పట్టుకుంది.

జవాబును నేనే రాశాను. తెలుగులో రాస్తే భాయ్ ఇంగ్లీషులోకి మార్చి కొట్టాడు. మా వకీలు సంతకం చేసే ముందు పెన్ను పట్టుకుని అయిదు నిమిషాలు ఆలోచించాడు, ఆలోచన ఆయనకు అలవాటైన పని అయినట్టు. "కాయితం నిజమేనని మనమే రాసిస్తున్నం. ముప్పై ఏండ్ల సర్వీసుల గిట్ల ఎన్నడు జెయ్యలే" అన్నాడు. అది నాకు ధైర్యాన్నే ఇచ్చింది.

విచారణలో తండ్రిని ముందు పిలిచారు. పిల్ల బడి పేరు అడిగితే తెలియదన్నాడు. పిల్లకు ఏ కూర ఇష్టమని అడిగితే "చికెను" అన్నాడు. ఆమె మాంసం ముట్టదు. అయినా ధీమాగానే ఉన్నాడు, కాగితం ఉంది కదా. బోనులోంచి దిగుతూ నన్ను చూసి "వదినె, నీ మాట మీదనే ఉన్న నేను" అన్నాడు. వెటకారం. దానికి జవాబు నా నాలుక మీదికి వచ్చింది గానీ, కోర్టు హాలని మింగాను.

తర్వాత నన్ను పిలిచారు. అవతలి వకీలు సన్నగా, ఇస్త్రీ చేసినట్టు ఉంటాడు. కాగితం నా చేతికిచ్చాడు.

"ఈ రాత మీదేనా?"

"నాదే."

"మీరు ఎంఏ చదివారు. అర్థం కాకుండా రాశారని అనరు కదా?"

"అనను."

"మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టారా?"

"లేదు."

ఆయన గొంతు మెత్తబడింది. గెలుస్తున్న మనిషి గొంతు. "'ఎట్టి అభ్యంతరము లేకుండా' అని స్పష్టంగా ఉంది. అంటే మీ చెల్లెలికి అప్పుడు అభ్యంతరం లేదు. ఉండి ఉంటే మీరు అలా రాసేవారు కాదు. అవునా?"

"ఆమెను అడగలేదు."

"ఏమిటి?"

"ఆమె లోపలి గదిల ఉండె. ఆమెను ఎవలు అడగలేదు, నేను అడగలేదు. ఆ మాట పెద్దమనుషులు గూడ చెప్పలేదు. నేనే కలిపిన. వినడానికి బాగుంటదని."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అవతలి వకీలు ఇంక ప్రశ్నలు లేవన్నట్టు కూర్చోబోయాడు. జడ్జి గారు ఆపి, నా వైపు చూసి నెమ్మదిగా అడిగారు.

"మీ చెల్లెలు ఆ షరతు చదివారా?"

"లేదు సార్. నేను రాసిన గాబట్టి చదవలేదు."

జడ్జి గారు అది రాయించుకున్నారు. నేను దిగి వచ్చి కూర్చున్నాను. చెల్లెలు నా వైపు చూడలేదు. మా వకీలు మాత్రం నా చెవి దగ్గరికి వంగి "మంచిగ చెప్పిన్రు మేడం, నేను చెప్పినట్టే" అన్నాడు. ఈ భూమ్మీద సిగ్గుకు కరువొచ్చిందంటే ఈ వకీళ్ల కులం వల్లే.

రాతపూర్వక వాదనలకు నేను ఎంచిన అయిదు తీర్పులు జతచేశాం. వాటిలో అవసరమైన పేరాల పక్కన పెన్సిలు గీతలు గీశాను. జడ్జి గారు పిల్లను తన గదిలోకి పిలిచి మాట్లాడారు. ఏం అడిగారని పిల్లను బస్టాండులో అడిగితే, "నీకెందుకు పెద్దమ్మా, సారు నన్ను అడిగిండు" అంది. నోరు నా పోలికే.

నెల తిరిగాక తీర్పు వచ్చింది. పిల్ల తల్లి దగ్గరే ఉండాలి. నెలకు రెండు ఆదివారాలు తండ్రి సిరిసిల్ల వచ్చి చూసిపోవచ్చు. తీర్పు ప్రతి చేతికి రాగానే నేను నా అయిదు తీర్పుల కోసం వెతికాను. ఒక్కటి ఉంది, అదీ ఒకే వాక్యంలో. నా పెన్సిలు గీతల గురించి ఏమీ లేదు. నా గురించి మాత్రం ఒక పేరా నిండా ఉంది. ఉన్నత విద్య చదివిన ఈ సాక్షి, తన సొంత చెల్లెలిని ఒక్క మాట అడగకుండా, పసిపిల్ల భవిష్యత్తును వాక్యం అందం కోసం రాసిచ్చిందని, ఆ కారణం చేతనే తల్లి సమ్మతి ఉన్నట్టు భావించలేమని.

"ఈ పేరా తీసేయించడానికి ఏమన్న ఉన్నదా?" అని మా వకీలును అడిగాను.

"గెలిచినంక అప్పీలేంది మేడం?" అని పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. "మనం గెలిచిందే ఆ పేరా మీద."

ఆయన అన్న మాటల్లో నిజమైనది అదొక్కటే. అందుకు ఆయనను ఇంకాస్త అసహ్యించుకున్నాను.

సాయంత్రం చెల్లెలి ఇంట్లో తీర్పు చదివి వినిపించమంది. ఇంగ్లీషు ఆమెకు రాదు. ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ పోయాను. ఆ పేరా దగ్గరికి వచ్చేసరికి ఆగాను. పేజీ తిప్పేసినా ఆమెకు తెలియదు. తిప్పడానికి వేలు పెట్టాను కూడా. ఆమె నా వేలినే చూస్తోంది.

చదివాను. మొత్తం, ఒక్క మాట తగ్గించకుండా, ఒక్కటీ కలపకుండా.

చెల్లెలు అంతా విని, "నిజమే రాసిండు గదక్కా" అంది. కోపంగా అనలేదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు అంది. "పిల్లను ఇగ ఎవలు తీస్కపోరు గదా?"

"పోరు."

"అయితే ఒక మాట. గిప్పటి సంది దాని గురించి ఏం రాసినా, బడి ఫారమయినా సరే, ముందుగాల నాకు సదివి ఇనిపియ్యి. ఆనంకనే రాయి."

చెప్పడానికి నాకు చాలా ఉంది. బడి ఫారాలకు ఇదంతా వర్తించదని, నేను కాకపోతే ఇంగ్లీషు ఫారం ఎవరు నింపుతారని, ఎన్నో. పిల్ల గుమ్మం దగ్గర నిలబడి నేను ఏమంటానా అని చూస్తోంది.

"సరే" అన్నాను.